ఓడ దిగినవాడు

భానోజీకి ఆ మధ్యాహ్నం ఒక్కటే ఆరాటం. సాయంత్రం రేవు సంఘం సమావేశంలో పెట్టేలోగా తన ముసాయిదాకు గురువు దీవెన కావాలి.

తెల్లదొరలు వెళ్లిపోయి కొన్నేళ్లయినా రేవులో ఇంకా వాళ్ల చట్టమే నడుస్తోంది. దాన్ని సవరించి, తెలుగులో తిరగరాసే పని సంఘం భానోజీకి అప్పగించింది. అతను నిద్రాహారాలు మాని రాశాడు. రాణిగారి పేరు కనబడిన ప్రతిచోటా కొట్టేశాడు. దొర అన్నచోట అధికారి అన్నాడు. సామ్రాజ్యం అన్నచోట ప్రజలు అన్నాడు.

కాగితాలు చంకన పెట్టుకుని గుట్టమీది దర్గాకు వెళ్లాడు. గురువు కరీముల్లా షా బాబా వంటింటి అరుగు మీద ఉన్నారు. ఎవరో మనిషి వంచిన తల ఎత్తకుండా అన్నం తింటున్నాడు. బాబా పక్కన కూర్చుని వడ్డిస్తున్నారు.

"బాబా, బానిసత్వపు ఆఖరి సంకెల కూడా తెంచేశాను! ఇక ఈ రేవులో పరాయి పాలన వాసన కూడా ఉండదు" అన్నాడు భానోజీ.

"మంచిమాట. పప్పు వేడిగా ఉంది, తింటావా?"

"ముందు దీవించండి బాబా."

"వినకుండా ఎలా దీవించను? చదువు."

"ఏ భాగం చదవమంటారు?"

"నీకు బాగా కుదిరిందనిపించినది. కాస్త గట్టిగా చదువు, ఇతనూ వింటాడు."

భానోజీ ఆ మనిషి వైపు చూడనైనా లేదు. కాగితాలు తిప్పి ఓడ పనివాళ్ల అధ్యాయం తీశాడు. మిగతావాళ్లంతా చేతులెత్తేసిన అధ్యాయం అది. అంత మెలికల ఇంగ్లీషును పసిపిల్లలకు కూడా తెలిసే తెలుగులోకి తెచ్చానని అతని గర్వం. గొంతు సవరించుకుని చదివాడు.

"అనుమతి లేకుండా ఓడ దిగిన పనివాణ్ణి ఎక్కడ కనబడినా పట్టుకుని, తిరిగి ఆ ఓడకే అప్పగించాలి. ఓడ వెళ్లిపోయి ఉంటే జైల్లో పెట్టాలి. అతనికి అన్నం పెట్టినవారూ, నీడ ఇచ్చినవారూ శిక్షకు పాత్రులే."

తింటున్న చెయ్యి ఆగిపోయింది.

"బాబూ, ఇది మీరు రాసినదేనా?" అన్నాడు ఆ మనిషి.

"నేనే. ఎలా ఉంది?"

"అద్దంలాగుంది బాబూ. మా కేప్టెనూ ఇదే సదివేవోడు, ఇంగిలీసులో. ఏటో గొణుగుతున్నాడనుకునేవోళ్లం." అతను కంచం పక్కకు జరిపాడు. "దొరల సట్టం ఎల్లిపోనాదని రేవులో అందరూ అంటే, నిజమే గావాలనుకున్నాను. అందుకే దిగినాను."

భానోజీ అప్పుడు చూశాడు అతన్ని. పెదాలు చీలికలు చీలికలుగా పగిలి ఉన్నాయి. అరుగు మీద అతను తాగి ఖాళీ చేసిన నీళ్ల కుండ ఉంది.

ఆ మనిషి చెయ్యి కడుక్కుని లేచాడు. "సాయిబుగారూ, కడుపులో సల్లగుంది. నావల్ల మీకు మాట రాకూడదు. నానెల్లి ఓడెక్కేస్తాను."

"ఆగు, ఇది ఇంకా చట్టం కాలేదు!" భానోజీ గాభరాగా అన్నాడు. "సాయంత్రం సంఘంలో పెట్టాలి, తరవాత..."

"పెడితే అవుతాది గదా బాబూ?"

భానోజీ బాబా వైపు తిరిగాడు. ఆయన సగం అన్నం మిగిలిన కంచాన్ని రెండు చేతులా ఎత్తి శిష్యుడి ముందు పట్టుకున్నారు. పప్పు అంచుదాకా ఉంది. ఒంటిచేత్తో అందుకుంటే ఒలికిపోతుంది. భానోజీ కాగితాలు కింద పడేసి కంచం పట్టుకున్నాడు.

"నీ తెలుగు చాలా బాగుంది నాయనా. ఒక్కసారి చదివితే చాలు, మనిషి అన్నం మీంచి లేచిపోయాడు" అన్నారు బాబా.

సముద్రపు గాలికి కాగితాలు ఒకటొకటే లేచి అరుగు కిందికి జారుతున్నాయి. ఆ మనిషి మెట్లవైపు నడుస్తున్నాడు. గుట్ట దిగితే రేవు, రేవులో అతని ఓడ.

భానోజీ కంచంతో పరుగెత్తి అతనికి అడ్డంగా నిలబడ్డాడు. చాలా నెమ్మదిగా అడిగాడు.

"అన్నా, ఓడ ఎందుకు దిగావు?"