దాది తెచ్చిన నెత్తుటి చుక్క

యువరాణికి ఒంటినిండా దద్దుర్లు లేచాయి. ఆస్థాన వైద్యుడు భైరవభట్టు ఆమె నెత్తుటి చుక్కను గిన్నెలో పట్టి, చెవి ఆనించి వినేవాడు.

"ఈ నెత్తురు అన్నం వద్దంటోంది," అనేవాడు. తర్వాత పాలూ పప్పూ వద్దంది. దద్దుర్లు తగ్గలేదు గానీ పిల్ల నీడలా మిగిలింది.

పెంచిన దాది గురవమ్మ ఓర్చుకోలేక, రాజుగారి ఎదుటే మరో గిన్నె తెచ్చింది. "ఇదేమంటోంది, అయ్యగారూ?"

వైద్యుడు విన్నాడు.

"అన్నం ముట్టిన పూటే ఈ మనిషి చస్తాడు."

"పొద్దున మీ కాలిలో ముల్లు తీశాను చూడండి, ఆ నెత్తురే ఇది. మధ్యాహ్నం మారు వడ్డించుకుని మరీ తిన్నారే, ఎలా బతికున్నారు?"

వైద్యుడు మొదటిసారి నిజంగానే ఏదో వినిపించినట్టు, గిన్నెకేసి చూస్తూ గోడదాకా వెనక్కి జరిగాడు.

రాజుగారు అన్నం తెప్పించి, కూతురికి తానే ముద్ద కలిపారు.