సింగన్న వదిలిన చాప

కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఇవాళ కుక్క కథ. మధ్యలో వంద ప్రశ్నలేస్తే ఆపేస్తాను, ముందే చెబుతున్నా.

అనగనగా కాలవగట్టు పక్కన ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో పేరంటాలని ఒకావిడ తుంగచాపలు అల్లుకుని బతికేది. ఆవిడ అల్లిన చాపలో చీమ దూరే సందు కూడా ఉండదనేవారు. పని అంత శ్రద్ధగా చేసేది. ఓపిక మాత్రం తక్కువ, అచ్చం నీలాగే.

ఆవిడకి రెండు కుక్కలుండేవి. ఒకటి సింగన్న, ఒకటి మల్లి. వాటికని ఒక చాప అల్లి వసారాలో పరిచింది. పదేళ్ళు రెండూ ఆ చాప మీదే పడుకున్నాయి, ఒకే గిన్నెలో తిన్నాయి. ఆ తర్వాత ఒకరోజు తుంగ దుబ్బుల్లో మల్లిని పాము కరిచింది. మల్లి పోయింది.

అప్పుడు సింగన్న తిండి మానేశాడు. అన్నంలో చేపముక్క కలిపి పెట్టినా వాసన చూసి పక్కకి తిరిగేవాడు. డొక్కలు లోపలికి పోయాయి. పేరంటాలు వాడి తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. పశువుల డాక్టరు వచ్చి చూసి, వీడికి రోగమేం లేదమ్మా, తోడు లేదు, తోడు దొరక్కపోతే ఎక్కువ రోజులు బతకడు అన్నాడు. కొత్త కుక్కని తెస్తే వెంటనే ఏదీ తేల్చెయ్యొద్దని, నెల్లాళ్ళు ఆగి చూడమని కూడా చెప్పాడు. ఆ రెండో మాట ఆవిడ చెవికెక్కలేదు.

ముందు రైసుమిల్లు దగ్గర్నుంచి ఒక పెద్ద గోధుమరంగు కుక్కని తెచ్చింది. చూడ్డానికి దొరబాబులా ఉంది. తీరా గిన్నె పెట్టేసరికి సింగన్న చెవి కొరికి పారేసింది. ఆ సాయంత్రమే దాన్ని మిల్లులో అప్పగించి వచ్చింది. అందులో ఆవిడ తప్పేం లేదులే.

ఆ తర్వాత మాస్టారి ఇంట్లోంచి ఒక కుక్కపిల్లని తెచ్చింది. ముద్దుగా ఉండేది, కానీ ఒక్కచోట నిలిచేది కాదు. పొద్దస్తమానం సింగన్న తోక పట్టుకుని లాగేది, వీపు మీదికి దూకేది. పాపం ముసలాడు, వాడికి ఆటలేం కావాలి? తుంగ కట్టల వెనక దాక్కునేవాడు. మూడు రోజులు చూసి, అదే పిల్ల కోసం పోరు పెడుతున్న పక్కవీధి పిల్లలకి ఇచ్చేసింది. అక్కడ దానికి హాయిగా జరిగింది. అదీ తప్పు కాదు.

ఆ తర్వాత కాలవకి నీళ్ళు వదిలే లాకు దగ్గర్నుంచి ముత్యాలనే ఆడకుక్కని తెచ్చింది. లాకు చూసుకునే ఆయనకి బదిలీ అయితే సామాను బండికెత్తించి, కుక్కని మాత్రం గుమ్మంలో వదిలేసి వెళ్ళిపోయారు. తాళం వేసిన తలుపు ముందే అది రోజుల తరబడి పడుకుని ఉంది. పేరంటాలు తాడు వేసి లాగితే మారుమాట లేకుండా లేచి వచ్చింది.

సింగన్న దాన్ని ఒకసారి వాసన చూశాడు. మొరగలేదు, తోకా ఊపలేదు. రెండూ చెరో దిక్కుకి తిరిగి పడుకున్నాయి. పేరంటాలు ఉసూరుమంది. ఇదేం తోడే నా బతుకు, ఒకదాని మొహం ఒకటి చూసుకోవు అనుకుంది. సింగన్న సగం గిన్నె తినడం మొదలుపెట్టాడు, అది చూసింది. మిగతా సగం ఎవరికి వదులుతున్నాడో మాత్రం చూళ్ళేదు.

మార్గశిరం చలి మొదలైంది. తొమ్మిదో రోజు పొద్దున్నే ఆవిడ తలుపు తీసేసరికి ముత్యాలు చాప మీద ముడుచుకుని పడుకుని ఉంది. సింగన్న కటిక నేల మీద, మంచు పడే చోట పడుకుని ఉన్నాడు. చాపలు అల్లే మనిషి కదా, చాప ఎవరిదైతే ఇల్లు వాళ్ళదని ఆవిడ లెక్క. పదేళ్ళ నుంచి పడుకున్న చాప మీంచి ముసలాణ్ణి నిన్నగాక మొన్న వచ్చింది తోసేసిందా అని ఒళ్ళు మండిపోయింది. చీపురు తీసింది. ముత్యాలు దెబ్బ పడకముందే లేచి, తల దించుకుని పక్కకి వెళ్ళి నిలబడింది.

అప్పటికే కోతలైన చేలల్లోకి బాతుల మంద వచ్చి ఉంది. రాలిన గింజలూ నత్తలూ మేపుకుంటూ ఊరూరూ తిరిగే వాళ్ళది ఆ మంద. మందామె పేరు నాంచారమ్మ. నక్కలు బాతుల్ని ఎత్తుకుపోతున్నాయక్కా, కుక్క ఏదైనా ఉంటే ఇవ్వమని అంతకుముందే అడిగి ఉంది. పేరంటాలు ఆ పూటే ముత్యాల్ని తీసుకెళ్ళి తాడు చేతిలో పెట్టేసింది. మర్నాడు మంద కదిలిపోయింది.

సింగన్న కాలవ మలుపు దాకా వెనకాలే వెళ్ళి, చాలాసేపు నిలబడి, తిరిగొచ్చాడు. అప్పుడేం చేశాడో తెలుసా? మళ్ళీ ఆ నేల మీదే పడుకున్నాడు. చాప ఖాళీగా ఉంది. పేరంటాలు పిలిచింది, బుజ్జగించింది, ఎత్తి చాప మీద పెట్టింది కూడా. వాడు దిగిపోయి పక్కనే పడుకున్నాడు. అన్నం ముట్టలేదు. అలా మూడు రోజులు.

మూడో రోజు ఆవిడకి తెలిసొచ్చింది. ఆ చాప ముత్యాలు లాక్కోలేదు. వీడే ఇచ్చాడు. ఎంత పని చేశానురా తండ్రీ అని తల బాదుకుంది. తొమ్మిది రోజులు కళ్ళెదుటే జరిగినదాన్ని చూడలేకపోయినందుకు ఆవిడకి సిగ్గేసింది.

అప్పుడు సింగన్న మెడకి తాడు కట్టి మందని వెతుక్కుంటూ బయల్దేరింది. మొదటి ఊళ్ళో అడిగితే మొన్నే వెళ్ళిపోయారన్నారు. రెండో ఊళ్ళో అడిగితే నిన్న వెళ్ళారన్నారు. వాడికి నడిచే ఓపిక లేకపోతే చంకనేసుకుని మోసింది. మూడో ఊరి పొలిమేరలో బాతుల అరుపులు వినిపించాయి. అంతే, వాడు కిందికి దూకి తాడు బిగిసేలా ముందుకి లాగాడు.

డేరాలో గోనెసంచి మీద ముత్యాలు ఉంది. దాని పొట్ట దగ్గర నాలుగు పిల్లలు, ఇంకా కళ్ళు తెరవలేదు. అది చూలుతో ఉందని సింగన్నకి ముందే తెలుసు, పేరంటాలికి తెలీదు.

నా తప్పు నాంచారీ, దాన్ని తీసుకెళ్ళిపోతాను, పిల్లల్నీ పెంచుకుంటాను అని బతిమాలింది.

నాంచారమ్మ కోప్పడలేదు. "తీసుకెళ్ళక్కా, వద్దనను. లాకు దగ్గర ఒకసారి, నీ వసారాలో ఒకసారి దాన్ని లేపేశారు. మూడోసారి లేపడానికి నాకు చేతులు రావు. నువ్వు లేపగలిగితే లేపుకో" అంది.

పేరంటాలు ముత్యాల వైపు చేయి చాపింది. అది చీపురు చూసిన రోజులాగే తల దించుకుంది. ఆవిడ చేయి వెనక్కి తీసుకుంది.

ఈలోగా సింగన్న డేరా వాకిట్లో, గోనెసంచికి ఆనుకుని, నేల మీద పడుకున్నాడు. నాంచారమ్మ అన్నం పెడితే సగం తిన్నాడు, సగం వదిలాడు. ఈసారి పేరంటాలు అంతా చూసింది. చూసి, వాడి మెడలో తాడు ముడి విప్పింది. పదేళ్ళు పెంచిన చేయి కదా, ఆ ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. తోడు వెతకబోయి, ఉన్న కుక్కనే వదులుకుని, ఖాళీ తాడుతో ఇంటికొచ్చింది.

ఆ ఏడాదంతా తీరిక దొరికినప్పుడల్లా ఆవిడ ఒక చాప అల్లింది. రెండు కుక్కలూ, నాలుగు పిల్లలూ పట్టేంత చాప. ఆ తర్వాత మళ్ళీ కోతలయ్యాయి, మళ్ళీ మంద వచ్చింది. సింగన్న కాలవగట్టు మీంచి పరుగెత్తుకొచ్చి ఆవిడ చేతులు నాకాడు. బొద్దుగా అయ్యాడు. ఆవిడ గబగబా వసారాలో కొత్త చాప పరిచింది. వాడు చాప అంతా వాసన చూసి, దాని పక్కన నేల మీద పడుకుని, గట్టు వైపు చూశాడు.

గట్టు మీద ముత్యాలు నిలబడి ఉంది. పేరంటాలు పిలిచింది. గిన్నె మోగించి పిలిచింది. చీపురు తీసుకెళ్ళి పెరట్లో పారేసి వచ్చి మళ్ళీ పిలిచింది. అది గట్టు దిగలేదు.

సింగన్న కాసేపు చూశాడు. లేచి, ఆవిడ చేతికి ఒకసారి మూతి ఆనించి, గట్టెక్కి ముత్యాల పక్కన నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆవిడ వాణ్ణి వెనక్కి పిలవలేదు. ఆ చాప మీద ఎవరూ పడుకోలేదు, నా తల్లీ.

ఏడుస్తున్నావా? ఏడువు, పర్లేదు. ఇలా రా, దగ్గరికి జరుగు.

కథేమో కంచికి,
సింగన్న మందకి,
నువ్వూ నేనూ ఇంటికి,
నిద్దరొచ్చె కంటికి.