ముందు నడిచిన రోజు

సుహితకు నాలుగు రోజులుగా తిండి సయించడం లేదు. కళ్ళు మూస్తే చాలు, ఏనుగు చెవులు విప్పుకుని మీదికొస్తున్నట్టే ఉంటోంది.

జువాలజీలో డిగ్రీ అయ్యాక, పై చదువుకు ఏడాది విరామం ఇచ్చి పాల్వంచ నుంచి జాంబియా వచ్చింది ఆ అమ్మాయి. లువాంగ్వా నది పక్క అడవిలో దొంగ వేటగాళ్ళు పన్నిన ఇనుప తీగ ఉచ్చులను వెతికి కోసెయ్యాలి. ఎవరూ పంపలేదు, తనే పట్టుబట్టి వచ్చింది. ఆ పని నేర్పేది లాజరో ఫిరి. అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్ళుగా తుపాకీ భుజాన వేసుకుని ఆ అడవిని కాస్తున్నాడు. అక్కడ పెద్దవాళ్ళను 'బాంబో' అంటారు, తండ్రి అని అర్థం. ఆమె కూడా అలాగే పిలిచేది.

మొదటి రోజున ఆయన చెప్పింది ఒక్కటే మాట. "ఏది ఎదురొచ్చినా పరిగెత్తకు."

నాలుగు రోజుల కిందట పిల్లతో ఉన్న ఆడ ఏనుగు ఎదురొచ్చింది. సుహిత పరిగెత్తింది. చేతిలోని వైర్‌లెస్ సెట్టు ఎక్కడ పారేసిందో తెలియదు. తిరిగి చూసేసరికి ఆ ముసలాయన ఒక్కడే ఏనుగుకు అడ్డంగా నిలబడి, చేతులు చరుస్తూ అరుస్తున్నాడు. భుజాన తుపాకీ భుజానే ఉంది. ఏనుగు పదడుగుల దూరంలో ఆగి, ఇంత దుమ్ము చిమ్మి, పిల్లను తోసుకుంటూ వెళ్ళిపోయింది.

ఆయన వచ్చి ఆమె అరచేతిలో దిగిన ముళ్ళు తీశాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

ఈ రోజు ఉదయం తనే వెళ్ళి చెప్పింది. "బాంబో, ఇక నేను అడవిలోకి రాను. ఇక్కడ క్యాంపులోనే ఉండి మ్యాపులు గీస్తాను. నా వల్ల మీ ప్రాణం మీదికొచ్చింది."

ఫిరి బూట్ల తాడు బిగించుకుంటున్నాడు. "భయమా?"

"చచ్చేంత. మీకున్న ధైర్యం నాకు లేదు."

ఆయన లేచి, నీళ్ళ సీసా ఆమె చేతికిచ్చాడు.

"ఈ ఒక్కపూట రా. ఇవాళ ముందు నువ్వు నడు."

"ముందా? నేనా?"

"నేను వెనకే ఉంటా" అని తుపాకీ అందుకున్నాడు.

గడ్డి తలకంటే ఎత్తుగా ఉంది. బాట ఒక మనిషి పట్టేంతే. సుహిత పది అడుగులు వేసి ఆగేది. అడవికోళ్ళు రెక్కలు టపటపలాడిస్తే ఆగేది, ఎండుకొమ్మ చిటుక్కుమంటే ఆగేది. పొద్దు ఇంకా ఎక్కనే లేదు, చొక్కా వీపుకి అతుక్కుపోయింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆమె ఆగినప్పుడల్లా వెనక అడుగులూ ఆగిపోయేవి. 'నడు' అని ఒక్కసారీ వినిపించలేదు.

ఎండిన వాగు దాటాక బాట ఒక వంపు తిరిగింది. సుహిత అక్కడ ఆగిపోయింది.

ఈసారి ఏ చప్పుడూ లేదు. ఏమీ కనిపించలేదు. అయినా అడుగు పడలేదు.

"ఏమీ లేదు బాంబో" అంది గుసగుసగా. "ఊరికే... కాళ్ళు రావడం లేదు."

నవ్వుతాడేమో అనుకుంది. ఆయన నవ్వలేదు. ఆమె భుజం పట్టుకుని, పక్కనే మనిషెత్తున ఉన్న చెదపుట్ట వెనక్కి లాగి, తనూ గొంతుక్కూర్చున్నాడు.

చాలాసేపు గడిచింది. అనవసరంగా ఆపానని చెప్పబోతూ ఆమె నోరు తెరిచింది. అప్పుడు గడ్డి కదిలింది.

వంపు దగ్గరే, బాట పక్కనే పడుకుని ఉన్న ముసలి అడవి దున్న లేచింది. ముందు కాలిలో ఇనుప తీగ ఎముకదాకా దిగింది. తీగ చివర కట్టిన దుంగ వెనకాలే ఈడ్చుకొస్తోంది. పుండు మీద ఈగలు నల్లగా ముసిరాయి. అది మోర పైకెత్తి గాలి పీల్చింది. సుహిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంకో ఇరవై అడుగులు నడిచి ఉంటే దాని కొమ్ముల మీదికే వెళ్ళేవాళ్ళు.

గాలి ఇటు నుంచి అటు వీయడం లేదు, వాళ్ళ వాసన దానికి తగల్లేదు. అందుకే బతికారు. దున్న అటు తిరిగి నది వైపు కుంటుకుంటూ పోయింది. దుంగ నేలకి రాసుకునే చప్పుడు మెల్లగా దూరమైంది.

ఫిరి నీళ్ళ సీసా తీసుకున్నాడు. మూత తిప్పబోయాడు. తిరగలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. సీసా ఆమె ముందు పెట్టాడు.

"నువ్వు తియ్యి."

ఆ చెయ్యి వణుకుతోంది. వేళ్ళు సీసాకి తగిలి టకటకమంటున్నాయి. సుహిత ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.

"బాంబో... మీకూనా?"

"ముప్పై ఏళ్ళ నుంచీ" అని ఆయన నీళ్ళు తాగాడు.

తర్వాత తన దగ్గరున్న వైర్‌లెస్‌లో పశువుల డాక్టరు చిలేషేకి కబురు చెప్పాడు. ఆమె రావడానికి రెండు గంటలు పడుతుంది. అంతవరకూ దున్నని కనిపెట్టుకుని ఉండాలి. తప్పిపోతే తీగ కాలిని కోసుకుంటూ పోతుంది, ఇక అది దొరకదు.

"నువ్వు ఈ పుట్ట దగ్గర ఉండొచ్చు. వచ్చి తీసుకెళ్తా" అన్నాడు ఫిరి.

సుహిత నేల మీద దుంగ గీసిన గాడిని చూసింది. సీసా మూత బిగించి లేచి, ఆ గాడి వెంట నడిచింది. పది అడుగులకోసారి ఆగింది. ఆయనా ఆగాడు.

మధ్యాహ్నానికి చిలేషే వచ్చి మత్తు సూది వేసింది. తీగ కోసి, పుండు కడిగి, మందు పెట్టారు. కాసేపటికి దున్న తూలుతూ లేచి, తల విదిలించి, నాలుగు కాళ్ళ మీదా రెల్లులోకి వెళ్ళిపోయింది.

"వంపులో పొంచి ఉన్నదాన్ని ఎవరు పసిగట్టారు?" అంది చిలేషే పెట్టె సర్దుకుంటూ. "మీ కళ్ళు మసకబారాయనుకున్నానే బాంబో!"

"నేను చూడలేదు. ఈ అమ్మాయి కాళ్ళు చూశాయి."

చిలేషే పకపకా నవ్వింది. సుహితకు నవ్వు రాలేదు.

తిరుగుదారి మళ్ళీ అదే గడ్డిలోంచి. గడ్డి మొదట్లో సుహిత పక్కకి జరిగి, ఆయన ముందుకెళ్తాడని నిలబడింది. ఫిరి వెళ్ళలేదు. తుపాకీ పట్టీ సర్దుకుంటూ అక్కడే ఉన్నాడు.

ఆమె ఆ గడ్డిని చాలాసేపు చూసింది. తర్వాత అడుగు వేసింది.