తరళానది ఎదురు పారిన వృత్తాంతం

పూర్వం, దేవతలు ఇంకా మనుషుల కంటబడుతూ తిరిగిన కాలంలో, తరళానది ఒడ్డున సువీథి అనే రాజ్యాన్ని ఏలుతున్న వృద్ధ మహారాజు సంతానం లేకుండానే స్వర్గస్థుడు కాగా, ఆ దేశాచారం ప్రకారం కొత్త రాజును ఎన్నుకునే భారం ప్రజల మీద పడింది. సింహాసనం కోరినవాడు ఊరూరా తిరిగి జనాన్ని అర్థించాలి. పుష్పవరణం నాడు ఇంటికొక పువ్వు చొప్పున జనం తమకు నచ్చినవాడి కడవలో వేయాలి. ఎవరి కడవలో పువ్వులు ఎక్కువ పడితే వారికే పట్టాభిషేకం. అదీ అక్కడి ధర్మం!

కోరినవారు ఇద్దరు. ఒకడు ధాన్యాగారాధిపతి భూరిభోజుడు, చేతికి ఎముక లేనివాడని పేరు మోసినవాడు. ఏ ఊరికి వెళితే ఆ ఊళ్ళో గాడిపొయ్యిలు తవ్వించి, బూరెలూ పులిహోరా వండించి, జనం కడుపులు నింపేవాడు. ఆ వడ్లు ఎక్కడివో అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు. అవి మరుసటి ఏటి విత్తనానికని గాదెల్లో దాచిన వడ్లు!

రెండవవాడు నిర్వ్యాజుడు, తపోధనుడైన శంఖపాద మహర్షి శిష్యుడు, వేదవేదాంగ పారంగతుడు, వయసులో చిన్నవాడు. విత్తుల గాదెలు ఖాళీ అవుతున్న సంగతి తెలిసి, కడుపు రగిలిపోయి, గురువు పాదాలంటి, "భగవాన్! నోట అసత్యం దొర్లనీయకుండా ఈ ప్రజల మనసు గెలిచి, ఆ విత్తనాలను కాపాడతాను" అని ప్రతిజ్ఞ చేసి బయలుదేరాడు.

బయలుదేరాడు సరే, వినేవాడేడీ?

దిగువపల్లెలో గౌరవ్వ అనే ముసలామె ముందు వరసలో కూర్చుని, "బాబూ, ఆ శ్లోకాలన్నీ తరవాత. నదిని మాకిస్తావా, ఇవ్వవా? ఆ ఒక్క ముక్క చెప్పు" అంది.

"అవ్వా! గ్రీష్మంలో నది సన్నబడిపోతుంది. ఎగువపల్లెకు ఒక పక్షం, మీకు ఒక పక్షం వంతులు వేసుకుంటే రెండూళ్ళ పైర్లూ బతుకుతాయి. మొత్తం మీకే ఇస్తానంటే అది అబద్ధమే అవుతుంది."

గౌరవ్వ ఆవలించి, నోటి ముందు చిటికలు వేసుకుని, "మంచిది నాయనా" అని లేచింది. ఆమె వెనకే ఊరంతా లేచింది. పక్కవీధిలో బూరెలు వేగుతున్న వాసన వస్తోంది మరి!

నిర్వ్యాజుడి మేనమామ కుశలుడు లోకం తెలిసినవాడు. ఖాళీ అయిన పందిట్లో మేనల్లుడి పక్కన చతికిలబడి, "అల్లుడూ! నీ సత్యాన్ని నువ్వే చెప్పుకుని నువ్వే వింటూ కూర్చో. అవతల గాదెలు ఊడ్చుకుపోతున్నాయి. ఎగువపల్లెలో నది మీదే అను. దిగువపల్లెలోనూ నది మీదే అను. గద్దెనెక్కాక నీ వంతులేవో వేసుకో, ఎవరొద్దన్నారు? ఆ రెండూళ్ళూ ఒకచోట చేరి అడిగేనాటికి కథ కంచికి చేరుతుంది" అన్నాడు.

"అసత్యం కదా, మామా?"

"వచ్చే ఏడు చల్లడానికి గింజ లేక జనం ఏడుస్తుంటే, నేను మాత్రం అబద్ధమాడలేదని చెప్పుకుని తిరుగుతావా?"

ఆ మాట నిర్వ్యాజుడికి ములుకులా దిగింది. గింజ లేని గాదెలు కళ్ళముందు కదలాడగా తల వంచుకున్నాడు.

పొలాల నుంచి జనం తిరిగివచ్చే సంధ్యవేళ, ఎగువపల్లె నడిబొడ్డున నిలబడి, ఆచారం ప్రకారం దోసిట నదీజలం పట్టి, నేల మీదికి ధారగా విడుస్తూ, "నది మీదే!" అన్నాడు. అబ్బో, ఏం చెప్పను ఆ సంబరం! డప్పులు మోగాయి, తలపాగాలు ఎగిరాయి, పడుచువాళ్ళు అతణ్ణి భుజాల మీదికెత్తుకుని ఊరంతా తిప్పారు. దిగి నిలబడేసరికి నిర్వ్యాజుడి ఒళ్ళంతా పులకరిస్తోంది. నిజం చెప్పొద్దూ, పుట్టి బుద్ధెరిగాక అంత సంతోషం అతడు ఎరగడు. మర్నాటి సంధ్యకు దిగువపల్లెలోనూ అదే దోసిలి, అదే ధార, అదే మాట. ఈసారి గొంతు కూడా వణకలేదు.

అక్కడే కొంప మునిగింది. సంధ్యవేళ ఆకాశంలో తథాస్తు దేవతలు తిరుగుతుంటారనీ, ఆ పూట పలికిన మాట పలికినట్టే జరుగుతుందనీ పసిపిల్లలకు సైతం తెలుసు. వేదవేదాంగాలు చదివిన మహానుభావుడికి ఆ గెలుపు ఊపులో అది గుర్తే రాలేదు! మంచిచెడ్డలు విచారించే పని ఆ దేవతలది కాదు. వినడం, అనడం, అంతే. ఎగువపల్లె మీద ఎగురుతూ "తథాస్తు" అన్నారు. దిగువపల్లె మీద ఎగురుతూ కూడా "తథాస్తు" అన్నారు.

పుష్పవరణం నాటి ఉదయం, శంఖపాద మహర్షి రెండు కడవలూ ప్రతిష్ఠించి మంత్రం చదువుతుండగా, బారులు తీరిన జనం పువ్వులు వేస్తుండగా, నిర్వ్యాజుడి కడవ నిండి పొర్లుతుండగా, ఒడ్డు నుంచి హాహాకారాలు లేచాయి. నది సగం కొండకేసి ఎదురెక్కుతోంది! సగం దిగువకు దూకుతోంది! నడుమ ఇసుక తేలి, చేపలు ఎటు ఈదాలో తెలియక ఎగిరెగిరి పడుతున్నాయి.

ఆ ఇసుకలో నుంచి, నురుగు చీర చిరుగులు పడగా, జుట్టు విరబోసుకుని, సకలజీవపోషిణి అయిన తరళాదేవి నిర్వ్యాజుడికి మాత్రమే కనబడి ఇట్లా పలికింది: "ఒకే పిల్లను రెండిళ్ళకు ఇస్తానని మాటిచ్చినవాణ్ణి మీ లోకంలో ఏమంటారు, నాయనా? నన్ను చెరో చెయ్యీ పట్టి లాగుతున్నారు. సూర్యుడు నడినెత్తికి వచ్చేలోగా, అన్న నోటితోనే, విన్నవారందరి ఎదుట, ఆ మాట వెనక్కి తీసుకో. లేదా పాతాళానికి దిగిపోతాను."

నిర్వ్యాజుడు పరుగున వెళ్ళి మేనమామకు ఆ సంగతి చెప్పాడు. కుశలుడు ఎండకేసి చూసి, "నడినెత్తికి ఇంకా పొద్దుంది. ముందు కిరీటం పెట్టించుకో. పెట్టుకున్న మరుక్షణమే చెప్పేయ్. నదీ దక్కుతుంది, గద్దే దక్కుతుంది, విత్తనాలూ దక్కుతాయి!" అన్నాడు.

ఎంత చక్కని ఉపాయం! తనకు అది అంత తీయగా తోచినందుకే నిర్వ్యాజుడు ఉలిక్కిపడ్డాడు. మొన్న తల వంచుకున్నవాడు ఇవాళ అప్పుడే తల ఊపబోతున్నాడు. రేపు రాజయ్యాక ఇంకెన్నిటికి ఊపుతాడో! ఒక్క ఉదుటున వెళ్ళి తన కడవను తన చేత్తోనే బోర్లించేశాడు. పువ్వులన్నీ జనం కాళ్ళ మీదికి దొర్లాయి.

"మహాజనులారా! నేను మీతో అబద్ధమాడాను. నది మీదేనని ఎగువపల్లెకు చెప్పాను, దిగువపల్లెకూ చెప్పాను. అది ఏ ఒక్కరిదీ కాదు. ఆ మాట ఇప్పుడే, ఇక్కడే వెనక్కి తీసుకుంటున్నాను. వంతులు తప్ప నా దగ్గర మీకివ్వడానికి ఇంకేమీ లేదు. ఇంకొక్క నిజం కూడా వినండి. మీరు తిన్న బూరెలు మీ విత్తనాలే!"

ఆ క్షణమే ఎదురెక్కిన నీరు గిర్రున తిరిగి, ఘోషిస్తూ వచ్చి, ఇసుకను కప్పి, దిగువకు సాగింది. జనం మాత్రం అంత సులువుగా చల్లబడలేదు. "సిగ్గులేదటయ్యా?" అని ఎగువపల్లెవారు మీదికి వచ్చారు. "గొంతు కోశావు కదరా!" అని దిగువపల్లెవారు మట్టి చల్లారు. అతడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు గౌరవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చి, జనంకేసి తిరిగి, "ఆపండ్రా! ఈ వంతుల మాట ఈ అబ్బాయి ముందే చెప్పాడు. ఆవలించి లేచిపోయింది మనం కామూ? వాసనపట్టి పరిగెత్తింది మనం కామూ?" అని, కిందపడిన పువ్వొకటి ఏరి, బోర్లించిన కడవను నిలబెట్టి అందులో వేసింది.

ఆమెను చూసి కొందరు తామూ పువ్వులు ఏరి వేశారు, అందరూ వేయలేదు. మునుపటిలా కడవ పొర్లనూ లేదు. కానీ భూరిభోజుడి కడవ కన్నా ఒక పిడికెడు పువ్వులు ఎక్కువే పడ్డాయి. మహర్షి కళ్ళు చెమర్చగా శిష్యుడి శిరసున కిరీటం ఉంచాడు.

తథాస్తు దేవతలు సిగ్గుపడుతూ దిగివచ్చి, "రాజా! మా తొందరపాటు వల్ల నీకిన్ని తిప్పలు వచ్చాయి. వరం కోరుకో" అన్నారు.

"దివ్యులారా! గద్దె కోరి అర్థించేవాడి మాటకు ఇకమీదట మీరు తథాస్తు అనవద్దు. అన్నవాడే, తన రెక్కల కష్టంతో, దాన్ని నెరవేర్చుకోవాలి."

"బతికించావు!" అని దేవతలు వరమిచ్చి ఎగిరిపోయారు. నాటి నుంచి ఎక్కడ అర్థింపు డప్పు మోగినా చెవులు రెండూ మూసుకుని పోతున్నారు.

గాదెల్లో మిగిలిన విత్తనాలు దక్కాయి. ప్రతి గ్రీష్మంలోనూ నిర్వ్యాజ మహారాజు పంచె ఎగగట్టి, తానే మోకాలి లోతు నీళ్ళలో దిగి, కాలువల తూములు మూసి తెరిచి వంతు మార్చేవాడు. తొందరగా మూశాడని ఎగువపల్లెవారూ, ఆలస్యంగా తెరిచాడని దిగువపల్లెవారూ ఒడ్డున నిలబడి తిట్టిపోసేవారు. రెండు వైపుల తిట్లూ సమానంగా వినబడితే, ఆ ఏటికి వంతు సరిగ్గా కుదిరిందని ఆయన సంతోషంగా ఒడ్డెక్కేవాడట.