ఇరవై దినాల గంప

లింగమయ్యను ఏదైనా అడిగితే ఆ రోజుకు జవాబు రాదు, ఒక పని వస్తుంది. బండలు కొట్టి బతికిన మనిషి. వయసు మళ్లాక సుత్తి పక్కన పెట్టి, కొండవారన తాను కొట్టిన బండలతోనే ఒక కొట్టం కట్టుకున్నాడు. జనం దాన్ని మఠమన్నారు. ఆయన ఔననలేదు, కాదనలేదు. ఉండిపోయిన ఏడెనిమిది మంది ఆయనను అయ్యా అని పిలిచేవారు. పెరట్లో ఒక ఎర్ర పుంజు, తొమ్మిది నాటు పెట్టలు ఉండేవి. గుడ్లు కింది ఊళ్లో బాలింతలకు పోయేవి.

యుగంధర్ అక్కడికి వచ్చి నాలుగు నెలలైంది. అంతకుముందు ఏడేళ్లు ఒక విద్యార్థి సంఘంలో ఉన్నాడు. గోడల మీద రాశాడు, గొంతు చిరిగేలా అరిచాడు, రెండుసార్లు లాఠీ దెబ్బలు తిన్నాడు. తరువాత సంఘం రెండు ముక్కలైంది. రెండు ముక్కలూ అతణ్ని ద్రోహి అన్నాయి. ఏ ముక్కలోనూ చోటు దొరకని మనిషి బ్యాగు నిండా పుస్తకాలు వేసుకుని బస్సెక్కాడు. ఫోను ఇంకా జేబులోనే ఉంది. రీచార్జి అయిపోతోందని గుర్తుచేసే కంపెనీ గొంతు తప్ప అందులో మరో గొంతు వినబడి చాలా కాలమైంది.

మఠంలో ప్రతి ఉదయం ఒక పాట పాడేవారు. మనమంతా ఒకే మట్టి, ఒకే ఊపిరి అని దాని తాత్పర్యం. మధ్యాహ్నం సంగటి వేళకు మాత్రం వరస ఉండేది. ముందు వచ్చినవాళ్లు ముందు, వెనుక వచ్చినవాళ్లు వెనుక. పదకొండేళ్ల కిందట వచ్చిన మునెమ్మ వడ్డించి, అయ్య పక్కన కూర్చునేది. చిట్టచివరి చోటు చేతులు కడిగే రాయి పక్కన. తిని లేచిన ప్రతివాడి ఎంగిలినీళ్ల తుంపర అక్కడే పడుతుంది. నాలుగు నెలలుగా ఆ చోటు యుగంధర్‌ది. తన వంతు వచ్చేసరికి పక్కవాళ్లు సగం తినేసి ఉంటారు. అతడు సగం తినేసరికి అందరూ లేచిపోతారు. చివరి నాలుగు ముద్దలు ఎప్పుడూ ఒంటరిగానే తినాలి.

ఒకనాడు ఎవరో పుక్కిలించిన నీళ్లు సరిగ్గా అతని పచ్చట్లో పడ్డాయి. యుగంధర్ పళ్లెం పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"అయ్యా, పొద్దున అందరమూ ఒకటేనని పాడిస్తారు. మధ్యాహ్నం ఈ వరస ఎవరు పెట్టారు?"

మునెమ్మ అంది, "కూచో నాయనా, సంగటి చల్లారిపోతాది."

లింగమయ్య తిన్నాడు, చేయి కడుక్కున్నాడు, తుండుతో తుడుచుకున్నాడు. "నిన్న ఆరు పడుచు పెట్టలు వచ్చినాయి. ఇంకా గుడ్డు పెట్టని పిల్లలు. వాటిని మన మందలో కలుపు" అన్నాడు. గోడకు ఆనించి ఉన్న పెద్ద వెదురు గంప చూపించాడు. "ఇరవై దినాలు పగలంతా దీని కింద ఉంచు, పెరటి నడుమ. అవీ ఇవీ ఒకదాన్నొకటి చూసుకోనీ."

"ఏ నేరమూ చేయని వాటికి జైలా అయ్యా?"

అయ్య అప్పటికే కొట్టంలోకి వెళ్లిపోయాడు.

యుగంధర్ గంప వేయలేదు. చెరలోంచి స్వేచ్ఛలోకి మెట్లు కట్టుకుంటూ పోనక్కర్లేదని, స్వేచ్ఛ ఒక్క దూకుడులో రావాలని అతడు ఎన్నో సభల్లో చెప్పి ఉన్నాడు. ఆరు పెట్టల కాళ్ల తాళ్లు విప్పి పెరటి నడుమ వదిలేశాడు. జొన్నలు దోసిళ్లతో చల్లాడు, అందరికీ సరిపోయేలా, ఇంకా మిగిలేలా.

"ఏమప్పా, కోళ్లకు మీటింగు పెట్టినావా?" అంది మునెమ్మ వంటింటి గుమ్మంలోంచి. "తీర్మానం ఏమైందో చెప్పు మాకు కూడా."

తీర్మానానికి ఎంతోసేపు పట్టలేదు. జొన్నల మీద వాలిన కొత్త పెట్టను పాత మందలోని చుక్కల పెట్ట మెడ మీద పొడిచింది. మిగతావి ముసురుకున్నాయి. ఎర్ర పుంజు రెక్కలు టపటపలాడించి నడుమకు దూకింది. రాజ్యం కదిలింది అనుకున్నాడు యుగంధర్. అడ్డంపోయి కాలితో తన్నాడు. అది వెనక్కి పోయి, మెడ ఈకలు రిక్కించి, ఎగిరి వచ్చి కాలి ముల్లుతో అతని పిక్క చీరింది. తుండు మీద వేసి దాన్ని పట్టుకుని, పెట్టల కోసం తెచ్చిన గంపను దాని మీద బోర్లించి, పైన బండ పెట్టాడు.

"పీడించేవాడు పోయాడు. ఇక మీరంతా ఒక్కటి కండి" అని కోళ్లతో అన్నాడు. నవ్వులాటకు కాదు, నిజంగానే అన్నాడు. పిక్కకు గుడ్డ కట్టుకుని కొండ నీడన పుస్తకం తెరిచాడు.

అతడు తిరిగి వచ్చేసరికి అయిదు కొత్త పెట్టలు పెరటి ముళ్లకంచె మీదికెక్కి వణుకుతున్నాయి. ఆరోది మూలకు దొరికిపోయింది. తల వెనుక ఈకలు లేవు, తోలూ లేదు. పాత పెట్టలు వంతులవారీగా వచ్చి పొడిచి పోతున్నాయి. అందరికన్నా ముందున్నది కుంటి పెట్ట. ఆ మందలో ప్రతి ముక్కూ ముందు దాని మీదే పడేది. ప్రతి గింజా దానికి చివరనే అందేది. ఇన్నాళ్లకు తనకన్నా కింద ఒకటి దొరికిందని దానికి తెలిసినట్టుంది, రొప్పుతూ రొప్పుతూ పొడుస్తోంది. గంప కింద పుంజు వెదురుకు కొట్టుకుని కొట్టుకుని జుట్టంతా నెత్తురు చేసుకుంది.

లింగమయ్య వచ్చి మొదట గంప ఎత్తాడు. పుంజును ఎడమ చంకలో ఇరికించుకుని, రెక్కలు అదిమి, చిన్నగా పెరడంతా తిరిగాడు. మూడో చుట్టుకు దాని కన్ను సగం మూతబడింది. కింద వదిలితే నేరుగా మూలకు పోయి, కుంటి పెట్టకూ కొత్త పెట్టకూ నడుమ నిలబడింది. ఎవరినీ పొడవలేదు. ఊరికే నిలబడింది.

"ఇందాక ఇది ఎవరి మీదికి దూకిందనుకున్నావు?" అని అడిగాడు అయ్య. "దాన్ని తన్నొద్దు. దాని ముందర పరిగెత్తొద్దు. దానికి రెండూ కయ్యమే. చంకన పెట్టుకుని తిరుగు" అని చెప్పి వెళ్లిపోయాడు.

యుగంధర్ గాయపడిన పెట్టను తన గదికి తెచ్చుకున్నాడు. పసుపు, నూనె కలిపి తలకు పూశాడు. నోరు తెరిచి చెంచాతో నీళ్లు పోశాడు. ఆ సాయంత్రమే పుస్తకాలన్నీ మళ్లీ బ్యాగులో సర్దాడు. ఇది చస్తే పొద్దున బస్సుకు వెళ్లిపోవాలి. బతికితే ఉండాలి. ఎక్కడికి వెళ్లాలో మాత్రం తోచలేదు. వేళ్ల మీద ఊళ్ల పేర్లు లెక్కపెట్టుకున్నాడు. తలుపు తీసి లోపలికి రమ్మనే ఊరు ఒక్కటీ తగల్లేదు.

తెల్లవారేసరికి పెట్ట కళ్లు తెరిచి ఉంది. అతని చొక్కా గుండీని పొడిచి చూసింది. బ్యాగు అలాగే ఉంది, బస్సు వెళ్లిపోయింది.

ఆ తరువాతి ఇరవై దినాలు యుగంధర్ చెప్పినట్టు చేశాడు. అయిదు పెట్టలను గంప కింద పెట్టి నీళ్లు, నూకలు లోపలికి తోసేవాడు. పాత పెట్టలు మొదటి మూడు రోజులు గంప చుట్టూ కాలు దువ్వాయి. వారానికి విసిగిపోయాయి. పది రోజులకు గంప నీడలోనే దుమ్ము పోసుకుని పడుకున్నాయి. ప్రతి ఉదయం అతడు పుంజును చంకన పెట్టుకుని, దాని గుండె నెమ్మదించేదాకా తిరిగేవాడు. తరువాత అది గంప దగ్గర ఒక గింజ దొరకబుచ్చుకుని, తాను తినకుండా, కొక్కొక్కుమని లోపలివాటిని పిలిచేది. లోపలివి రాలేవు. అయినా పిలిచేది. అతడు అది చూస్తూ చాలాసేపు కూర్చునేవాడు. నాలుగు నెలల్లో తనను ఎవరైనా అలా పిలిచారా అని వెతుక్కునేవాడు.

తల మానిన పెట్టకు బోడి అని పేరు పెట్టాడు. ఆ మఠంలో అతడు మాట్లాడేది దానితోనే. సంఘం ఎందుకు చీలిందో దానికి చెప్పాడు. తప్పు తనది కూడా కొంత ఉందేమోనని మొట్టమొదట దానితోనే అన్నాడు. అది తల పక్కకు వాల్చి విని, అతని కాలి వేలును పురుగనుకుని పొడిచేది.

ఇరవయ్యో నాటి మునిమాపున, పాతవి గూట్లో కర్ర ఎక్కి మత్తుగా ఉన్నప్పుడు, అయిదింటినీ వాటి పక్కన కూర్చోబెట్టాడు. చివరన బోడిని పెట్టాడు. పొద్దున తలుపు తీస్తే పదిహేను పెట్టలూ కలిసి దిగాయి. చుక్కల పెట్ట ఒకసారి బోడి వైపు చూసి, తన దారిన తాను గీరుకుంటూ పోయింది. యుగంధర్‌కు ఎవరితోనైనా చెప్పాలనిపించింది. మునెమ్మ నీళ్లకు పోయింది. పుంజుతోనే చెప్పాడు.

నెల తిరిగాక కింది ఊరినుంచి దస్తగిరి వచ్చాడు. ముసలి దర్జీ. కంటిచూపు మందగించింది, మిషను అమ్మేశాడు, భార్య పోయింది, మఠంలో ఉండిపోతానని వచ్చాడు. వట్టి చేతులతో రాలేక ఒక పడుచు పెట్టను చంకన పెట్టుకుని తెచ్చాడు. యుగంధర్ దాన్ని అందుకుని, ఈసారి ఎవరూ చెప్పకుండానే గంప కింద పెట్టాడు. అతడు వెనక్కి తిరిగేలోగా బోడి పరుగెత్తుకొచ్చింది. వెదురు సందులోంచి ముక్కు దూర్చి కొత్తదాని తల మీద పొడిచింది, సరిగ్గా తనకు తోలు లేచిన చోట.

"సిగ్గు లేదా నీకు?" అని అరిచాడు యుగంధర్. "నువ్వు కూడానా? నిన్ను ఏం చేశారో మరిచిపోయావా?" కొట్టడానికి చేయి ఎత్తాడు. బోడి అతణ్ని ఎరగనట్టు పక్కకు జరిగి మళ్లీ పొడిచింది. తరిమాడు. కోపం మాత్రం దిగలేదు. సంగటి పిలుపు వచ్చేదాకా అక్కడే నిలబడి పళ్లు కొరుకుతూనే ఉన్నాడు.

అతడు కాళ్లు కడుక్కుని వచ్చేసరికి వరస కూర్చుంది. ఈ రోజుతో తన చోటు ఒకటి ముందుకు జరుగుతుంది. రాయికి దూరంగా, పొడి నేల మీదికి. అయిదు నెలలుగా ఎవరికీ చెప్పకుండా ఎదురుచూసిన చోటది. ఆ పొడి చోట్లో, చూపు సరిగా ఆనని దస్తగిరి, తెలియక, బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"తాతా, అది నా చోటు" అన్నాడు యుగంధర్. "నీది ఆ రాయి పక్కన."

ముసలాయన "అట్లనా నాయనా, కానరాలేదు" అని రెండు చేతులూ నేలకు ఆనించి లేవబోయాడు.

మునెమ్మ చేతిలో గరిటె గాలిలో ఆగింది. పెరట్లో గంప కింద కొత్త పెట్ట ఒక్కటే కీచుమంటోంది. యుగంధర్ ఆ కీచు విన్నాడు. విని, పళ్లెం పట్టుకున్న తన చేతిని అదెవరి చెయ్యో అన్నట్టు చూశాడు. ముసలాయన భుజం పట్టి కూర్చోబెట్టాలని వంగాడు గానీ, చేయి సగం దారిలో నిలిచిపోయింది.

లింగమయ్య తల ఎత్తలేదు. సంగటి ముద్దను పులుసులో అద్దుకుంటూ అన్నాడు:

"మునెమ్మా, రేపు మేదరాయన వస్తే ఇంకో గంప అల్లమని చెప్పు. పెద్దదిగా అల్లాల. ఈ వరసంతా పట్టాల, నాతో సహా."