నాలుగు వేళ్ళ ఎత్తు

అనగనగా రైలు ఆగే ఒక ఊళ్ళో గవిరయ్య అని ఒకడుండేవాడు. రిక్షా తొక్కేవాడు. మంచివాడేనమ్మా, కానీ మొండి.

ఇరవై ఏళ్ళు తొక్కీ తొక్కీ వాడి మోకాళ్ళు పట్టేశాయి. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. రిక్షా ఆగితే ఇంట్లో పొయ్యి వెలగదు కదా! భార్య పైడమ్మ హడలిపోయింది.

మొదట వావిలాకు ఉడకేసి కాపడం పెట్టింది. రాత్రికి తగ్గేది, మర్నాడు సాయంత్రానికి మళ్ళీ మామూలే.

ఆ తర్వాత ఆసుపత్రికి లాక్కెళ్ళింది. డాక్టరుగారు మాత్రలు రాసి, "రెండు నెలలు తొక్కకు" అన్నారు.

"మరి తమరొచ్చి తొక్కుతారా బాబూ?" అంది పైడమ్మ. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

అప్పుడిక విసిగిపోయి, కుచ్చిళ్ళు ఎగదోపి తనే రిక్షా ఎక్కింది. వీధి చివరిదాకా తొక్కింది. ఏముందీ, మోకాళ్ళొచ్చి గడ్డానికి తగులుతున్నాయి! సీటు అంత కిందకి ఉంది మరి.

"ఏం మావా, ఇది సీటా, పీటా? పైకి లేపించుకోలేవూ?"

"తప్పే! బండెక్కిన సవారీ కంటే ఎత్తున కూర్చుంటే మర్యాద కాదు. మా అయ్య చెప్పాడు."

చూశావా! ఇరవై ఏళ్ళుగా ఈ ముక్క కడుపులో పెట్టుకున్నాడు. కాపడం పెట్టేటప్పుడైనా చెప్పొచ్చుగా?

పైడమ్మ వాదించలేదు. రిక్షాని సైకిలు షాపుకి తోసుకెళ్ళి, సీటు నాలుగు వేళ్ళు పైకెత్తించి బిగించేసింది.

మర్నాడు మొదటి సవారీ బడి పంతులమ్మగారు. గవిరయ్య సిగ్గుతో చచ్చిపోతూ ఎక్కాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆవిడ దిగుతూ అన్నారు కదా, "ఇవాళ హాయిగా ఉంది గవిరయ్యా! నీ వీపు అడ్డొచ్చి మొహాన ఎండ కొట్టలేదు."

నెల తిరిగేసరికి నొప్పి సగానికి దిగింది. మిగతా సగమా? అరిగింది అరిగిందే తల్లీ, అదెలా వస్తుంది? కానీ రిక్షా ఆగలేదు. గవిరయ్య మాత్రం స్టాండులో అందరికీ చెబుతున్నాడట, "సీటు ఎత్తు సంగతి నేనే కనిపెట్టాను" అని! పైడమ్మ విని ఏమందంటావా? ఏమంటుంది, నెత్తి కొట్టుకుని అన్నం వడ్డించింది.

కథ కంచి దారి పట్టె,
కన్ను నిద్ర దారి పట్టె,
కాళ్ళు చాపి పడుకో తల్లీ,
మోకాళ్ళు ముడవకు మళ్ళీ.