హైదరాబాద్ చూసొచ్చిన అత్తగారి కళ్ళద్దాలు

ఇంతకుముందు నేనేదీ రాయలేదు. ఉత్తరం కూడా ఎవరిచేతో రాయించుకున్నదాన్నే. మా ఇంట్లో పిల్లలకి చెప్పే కథ ఇది. నోటితో చెప్పినట్టే రాస్తున్నాను, తప్పులుంటే నవ్వేయండి.

జొన్నలపాలెంలో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని పోలమ్మ నమ్మకం. తడిస్తే పాడైపోతుందని వానాకాలమంతా గొడుగుని పెట్టెలో దాచిన ఇల్లు మరి! మొగుడు సింహాద్రీ అంతటివాడే. అత్త సన్యాసమ్మ ఇద్దరినీ మించింది.

ఆ అత్తకి ఒక్కటే కోరిక, హైదరాబాద్ చూడాలని. చార్మినారూ, గంటలు కొట్టే బొమ్మ గడియారమూ, చెరువు మధ్య నిలబడ్డ బుద్ధుడూ. మోకాళ్ళేమో గడప దాటనివ్వవు. "ఈ కళ్ళు మూతపడేలోగా చూస్తానో లేదో" అని బెంగపెట్టుకుని ముద్ద మింగడం మానేసింది.

పోలమ్మ కూర్చుని బాగా ఆలోచించింది.

"అత్తా, నీ చూపెక్కడుంది?"

"కళ్ళద్దాల్లోనే కదే. అవి లేకపోతే నాకేటి కనిపిస్తాది?"

"మరి అద్దాలు వెళ్ళొస్తే నువ్వు వెళ్ళొచ్చినట్టే కదా!"

"ఓలమ్మో! నా కోడలిది బుర్రంటే బుర్ర!" అని అత్త అద్దాలు తీసి చేతిలో పెట్టింది. అంతే, మొగుడూ పెళ్ళాం రైలెక్కేశారు.

రైల్లో సింహాద్రి అద్దాలు పెట్టుకోబోతే పోలమ్మ లాగేసుకుంది. "నీకు బుద్ధుందా? దారిలో చెట్లూ గేదెలూ ఇందులో నిండిపోతే చార్మినారుకి చోటెక్కడిది?"

చార్మినారు ముందు దిగగానే అద్దాలు పెట్టుకుంది. ఇంకేముంది, లోకమంతా మసక. నాలుగు మినార్లు ఎనిమిది కనిపించాయి. "మంచిదే, అత్తకి రెండింతలు!" అని మురిసిపోయి, వెళ్ళి వెళ్ళి గాజుల బండిని గుద్దేసింది. డజన్ల గాజులు గలగలమని రాలాయి.

"చూసి నడువమ్మా!" అని గాజులవాడు అరిచాడు.

"నేనెక్కడ చూస్తున్నాను బాబూ? చూస్తోంది మా అత్త!"

గాజులవాడు నోరు తెరిచేలోగా సింహాద్రి ఆమెని లాక్కుని సాలార్‌జంగ్ మ్యూజియానికి పరుగెత్తాడు. అక్కడ గడియారంలోంచి బొమ్మ బయటికొచ్చి పన్నెండు కొట్టడం మొదలెట్టింది. పోలమ్మ అద్దాలు తీసి చూసుకుంది. చప్పుడు అద్దాల్లోకి ఎక్కదు కదా! సింహాద్రి నవ్వాడు. "వెర్రిదానా, మా అమ్మ చెవుల మీద ఆనేవి ఈ కాడలే కదా? వీటినే అటు పెట్టు." అంతే, అద్దాలు తిప్పి, కాడలు గడియారం వైపు పెట్టి, ఆ గంటల మోతంతా పట్టుకున్నారు.

ఇక బుద్ధుడు. అద్దాలు పెట్టుకుని రోడ్డు మీద నాలుగడుగులు వేసిందో లేదో, ఎదురుగా తెల్లగా, నిలువుగా, చెయ్యెత్తి నిలబడ్డ ఆకారం. "బుద్ధుడయ్యా!" అని పోలమ్మ నడిరోడ్డు మీద సాష్టాంగపడింది. సింహాద్రి సంచిలోంచి కొబ్బరికాయ తీసి ఆయన బూటు దగ్గరే కొట్టాడు. ఆటోలూ బస్సులూ ఆగిపోయి ఒకటే హారన్లు.

"లేవమ్మా! నేను చెయ్యెత్తింది బండ్లు ఆపమని!" అన్నాడు ట్రాఫిక్ పోలీసు. "ముందు ఆ అద్దాలు తియ్యి!"

"తీస్తే మా అత్త పోలీసుని చూడొద్దా?"

పోలీసు తల పట్టుకుని, చెయ్యి పట్టి నడిపించి, హుస్సేన్ సాగర్ గట్టు మీద వదిలాడు. పోలమ్మకి నీళ్ళే కనిపించాయి. అవే నింపుకుని ఇల్లు చేరింది.

ఇంట్లో అద్దాల్లేని అత్త పప్పులో ఉప్పనుకుని ముగ్గుపిండి వేసుకుని కూర్చుంది. "తెచ్చారా?" అని చేతులు చాచింది. పాపం దుమ్ము పట్టిందని పోలమ్మ అద్దాల్ని కొంగుతో మిలమిలలాడేలా తుడిచి అత్త కళ్ళకి పెట్టింది.

"ఏదే చార్మినారు? మన గేదె కనిపిస్తోంది!"

సింహాద్రి నెత్తి బాదుకున్నాడు. "నింపిందంతా తుడిచేశావు కదే!"

అత్త ఘొల్లుమంది. ఆ పూటా ముద్ద ముట్టలేదు. పోలమ్మ దిగులుగా కొంగు చూసుకుంది. నల్లటి మరక! ప్రాణం లేచొచ్చింది. హైదరాబాద్ ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉంది!

మర్నాడు పొద్దున్నే చెంబు నీళ్ళలో కొంగు నానబెట్టి, గట్టిగా పిండి, సగం నీళ్ళు అత్త కళ్ళద్దాల మీద పోసింది.

"ఓలమ్మో! నీళ్ళే! ఎటు చూసినా నీళ్ళే!"

"అదే అత్తా, హుస్సేన్ సాగర్!"

అత్త మొహం వెలిగిపోయింది. "మరి చార్మినారు?"

పోలమ్మ చెంబులోకి తొంగి చూసింది. "బరువైంది కదా, అడుక్కి దిగుంటుంది. నువ్వు అన్నం తిను, ఈలోగా నీళ్ళు తేరుకుంటాయి."

అత్త మూడు ముద్దలు గబగబా మింగింది. అత్తకంటే ముందు ఎవరూ చూసేయకుండా పోలమ్మ చెంబుకి మూత పెట్టి, దాని మీద కూర్చుంది.